గడియ ఏ పక్కనుంది?

పోయిన జూన్‌లో మా చెల్లెలి కూతురు మా ఇంటికొచ్చింది. నేను తాడేపల్లిగూడెంలో బడిపంతులుగా చేస్తున్నాను. మా చెల్లెలూ బావా ఇప్పటికీ ఉంగుటూరు దగ్గర మా ఊళ్ళోనే, పేటలోనే ఉంటున్నారు. పిల్లకి ఓ విశ్వవిద్యాలయంలో ఎమ్మే సీటొచ్చింది. మా పేట నుంచి అంత దూరం చదువుకి వెళ్తున్న మొదటి ఆడపిల్ల. వచ్చీరాగానే సెల్‌ఫోన్ నా చేతిలో పెట్టి, "మావయ్యా, హాస్టల్ దరఖాస్తు. మూడు హాస్టళ్ళు వరసగా రాయమన్నారు. మొదట ఏది రాయను?" అంది.

అందులో ఏముందమ్మా, క్లాసులకి ఏది దగ్గరైతే అది రాయి అనబోయాను. అంతలో అదే చెప్పింది. అక్కడ చదువుతున్న సీనియర్లని ఫోన్లో అడిగిందట. ఒకమ్మాయి, "ఫలానా హాస్టల్లో మనోళ్ళెక్కువ, నీకు ధైర్యంగా ఉంటుంది" అందిట. ఇంకో అమ్మాయి, "అక్కడికి మాత్రం వెళ్ళకు. చేరిన రోజే మొహాన ముద్ర పడిపోద్ది. అందరూ ఉండే హాస్టల్‌కి పో, పదిమందితో కలు" అందిట. ఇద్దరూ మనవాళ్ళే. ఇద్దరూ పిల్ల మంచి కోరి చెప్పినవాళ్ళే.

"నువ్వేం రాశావు మావయ్యా, నీ రోజుల్లో?" అని అడిగింది.

నేను టీ తాగుతున్నవాణ్ణి గ్లాసు కింద పెట్టాను. ఆ ప్రశ్న నన్ను ముప్పై అయిదేళ్ళ నుంచీ వెంటాడుతూనే ఉంది. నేనేం రాశానో, రాసి ఏం చేశానో మా చెల్లెలికి కూడా చెప్పలేదు. ఆ రోజు పిల్లకి సగం చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. చదువుకోడానికి ఊరొదిలి వెళ్తున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పనికొస్తుందేమోనని.

*

మా నాన్న పాలేరు. పదేళ్ళ వయసులో ఊళ్ళో ఒక కామందు దగ్గర జీతానికి కుదిరాడు. సార్వా ఊడుపుల దగ్గర్నుంచి దాళ్వా నూర్పుళ్ళ దాకా పగలంతా చేలో, రాత్రి పశువులపాకలో. ఆ పాకకి తలుపు లేదు. అర్ధరాత్రి కామందు లాంతరు పట్టుకొచ్చి కాలితో తట్టి లేపేవాడు. నీళ్ళు కట్టాలి లెగరా, గొడ్డు ఈనుతోంది లెగరా. కొన్నేళ్ళకి పల్లంలో వరిచేలు చేపల చెరువులయ్యాయి. అప్పుడు మా నాన్న కొల్లేరు వైపు ఓ చెరువు కాపలాకి వెళ్ళాడు. గట్టు మీద గుడిసె. దానికి తలుపుంది కానీ గడియ బయటే ఉంది. కాపలావాడు లోపల గడియేసుకుని నిద్రపోతాడని ఆసామి భయం. లోపలి గడియ ఊడపీకించి బయట పెట్టించాడు. కాపలావాడు ఇంటికి పోయినప్పుడు తాళం వేసుకోడానికి అది చాలట.

ఇది మా నాన్న ఏనాడూ కష్టంగా చెప్పలేదు. నవ్వుతూ చెప్పేవాడు. "నా బతుకంతా ఎవడో ఒకడు లేపితే లెగడమేరా. తలుపేసుకుని పడుకున్నోణ్ణి కాదు" అనేవాడు.

నేను ఆరో తరగతిలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరాను. మా తాలూకాలోదే. ఆ హాస్టళ్ళే లేకపోతే మా తరంలో చదువుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉండేవాళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ హాస్టళ్ళు పెరిగి నిలబడటంలో ఎస్.ఆర్.శంకరన్ గారి లాంటి అధికారుల చెయ్యి ఉంది. అన్నం పెట్టిన చోటుని నేను తిట్టను. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మా వార్డెను రాత్రి తొమ్మిదింటికి హాలు తలుపు బయట గడియ పెట్టి తాళం వేసుకుని ఇంటికి పోయేవాడు. పిల్లలు పారిపోతారని. ఒక రాత్రి పక్కనున్న చిన్నకుర్రాడికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. యాభైమందిమి తలుపు బాదాం. రోడ్డు మీద పోయేవాళ్ళకి వినపడింది. తియ్యడానికి వాళ్ళ దగ్గర తాళంచెవి లేదు. తెల్లారేదాకా ఆ పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాం. బతికాడు. ఇప్పుడు ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్నాడు. కలిసినప్పుడు ఆ రాత్రి సంగతి ఇద్దరం ఎత్తం.

కాబట్టి 1990లో నేను ఎమ్మేకి బయల్దేరుతుంటే మా నాన్న అడిగింది ఒకటే. అక్కడ తిండెలా ఉంటుందని అడగలేదు. ఫీజెంతని అడగలేదు. ఉంగుటూరు స్టేషన్లో పాసింజర్ ఎక్కబోతుంటే కిటికీ దగ్గరకొచ్చి, "గదికి గడియ లోపలుందో లేదో సూసుకుని సేరరా" అన్నాడు.

*

యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా ఫారం ఇచ్చాడు. నా సర్టిఫికెట్ చూసి, నా మొహం చూసి, తనే ఒక హాస్టల్ పేరు చెప్పాడు. "మీవాళ్ళంతా అక్కడే ఉంటారు, అక్కడ రాసుకో." మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదే నాకు మండింది. మా ఊళ్ళో పేట ఎక్కడుండాలో మమ్మల్ని అడిగి పెట్టలేదు. ఇంత దూరమొచ్చాక కూడా నా పేట నాకు చూపించేవాడొకడు సిద్ధంగా ఉన్నాడు. పంతానికి ఇంకో హాస్టల్ పేరు రాశాను. మార్కులు బాగానే ఉన్నాయి కాబట్టి వచ్చింది.

ఇంతవరకూ నా తప్పేం లేదనే ఇప్పటికీ అనుకుంటాను. తప్పు ఆ తర్వాతది.

గదికి ముగ్గురం. మొదటి రోజు రాత్రే అడిగారు. మీదే ఊరు? ఉంగుటూరు దగ్గర. ఓహో, మా చుట్టాలున్నారే అక్కడ! ఊళ్ళో మీదెక్కడ? మీ ఇంటిపేరేంటి? మన పల్లెల్లో ఈ మూడు ప్రశ్నలకీ అర్థం ఒకటే. కులం పేరెత్తకుండా కులం కనుక్కోడం. నేను ఇంటిపేరు నసిగాను. మా నాన్న రైతన్నాను. ఎంత పొలం అన్నారు. రెండెకరాలన్నాను. ఆ రెండెకరాలూ మా నాన్న జీతమున్న కామందువి. ఆ చేను గట్లూ, బోదెలూ, ఏ మూల ఎప్పుడు నీళ్ళు నిలుస్తాయో అన్నీ నాకు తెలుసు కాబట్టి వర్ణించి మరీ చెప్పాను. నమ్మారు. మంచోళ్ళే. పుస్తకాలిచ్చేవాళ్ళు, సినిమాకి తీసుకెళ్ళేవాళ్ళు. ఆ మంచితనం నాకు కాదు, ఆ రెండెకరాలకి.

1990 ఆగస్టు 7న వి.పి.సింగ్ మండల్ సిఫార్సులు అమలు చేస్తామని ప్రకటించాడు. అది వెనకబడిన కులాల రిజర్వేషన్ గురించి. కానీ మా హాస్టల్ వరండాలో తిట్లు మాత్రం ముందు మాకే పడ్డాయి. ప్రభుత్వపు అల్లుళ్ళన్నారు. ఇక డాక్టర్లంతా గొడ్లు కోసేవాళ్ళే అన్నారు. చీపుర్లు పట్టుకుని రోడ్లూడ్చి నిరసన చేశారు. రోడ్డూడ్చే పని ఎంత నీచమో చూడండని లోకానికి చెప్పడానికి. మా పెద్దమ్మ పంచాయతీ వీధులూడ్చి కొడుకుని చదివించింది. ఆ ఊరేగింపుని నేను మేడ మీంచి చూశాను. కిందకి దిగి నిలబడలేదు. లోపలికెళ్ళి గడియేసుకున్నాను.

ఆ దసరాకి ముందు మా నాన్న వచ్చాడు. ఉత్తరం ముక్క లేకుండా, బండెక్కి, అడుక్కుంటూ అడుక్కుంటూ హాస్టల్ గేటు దాకా వచ్చేశాడు. మోకాళ్ళ దాకా పంచె, భుజాన తువ్వాలు, చేతిలో ఎండుచేపల పొట్లం. వాచ్‌మన్ కబురంపితే పరిగెత్తుకుంటూ దిగాను. ప్రేమతో పరిగెత్తానని చెప్పుకోడానికి నాకు నోరు రాదు. ఆయన్ని ఎవరూ చూడకముందే అక్కణ్ణుంచి తప్పించాలని పరిగెత్తాను. ఎదురుగా టీ బడ్డీ దగ్గరికి తీసుకెళ్ళాను.

టీ తాగాక, "నీ గది సూపెట్రా" అన్నాడు.

"లోపలికి బయటోళ్ళని రానివ్వరు నాన్నా" అన్నాను.

సరిగ్గా అప్పుడే ఎవరి తండ్రో, తెల్లలుంగీ కట్టుకుని, తడితల తుడుచుకుంటూ హాస్టల్ మెట్ల మీదకొచ్చి నిలబడ్డాడు. మా నాన్న చూశాడు. నేనూ చూశాను. మా నాన్న చూడటం కూడా చూశాను. కాసేపు ఏమీ అనలేదు.

"గదికి గడియ లోపలుందా?" అన్నాడు.

"ఉంది నాన్నా."

"అయితే ఏసుకుని పడుకో. సలికాలం వస్తంది."

సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. ఎండుచేపల పొట్లం నేను గదిలోకి తీసుకెళ్ళలేదు. వాచ్‌మన్‌కి ఇచ్చేశాను.

ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. తరతరాలుగా మాకు దొరకనిది నాకు దొరికింది. లోపలి గడియ. దొరికాక నేను మొట్టమొదట ఎవరి మీద వేశాను? నన్ను చదివించిన మనిషి మీద. అంటరానితనాన్ని ఎవరో వచ్చి పాటించక్కర్లేదు. భయపడ్డవాడి చేత అదే పాటింపజేసుకుంటుంది.

*

మరుసటేడు 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపి, కొందరిని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు తగలడం దగ్గర మొదలైన గొడవ. మా గదిలో పేపరు చదువుతూ ఒకతను, "వీళ్ళు కూడా ఈ మధ్య బాగా రెచ్చిపోతున్నార్లే" అన్నాడు. ద్వేషంతో అనలేదు. వానలు పడటం లేదు అన్నట్టు అన్నాడు. రెండోవాడు నావైపు తిరిగి, "ఏమంటావు?" అన్నాడు.

సంవత్సరం పాటు ఆ గదిలో నేను ఏమీ అనలేదు. ఆ పూట అన్నాను. మా నాన్న రైతు కాదు, పాలేరు, మాది మాలపేట అని చెప్పాను. ఇద్దరూ తెల్లబోయారు. ఒకతను, "మాకు అలాంటి పట్టింపుల్లేవు బాబూ, ముందే చెప్పాల్సింది" అన్నాడు. రెండోవాడు నాలుగు రోజులు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు కానీ నా దుప్పటి తన మంచానికి తగిలితే జరిపేవాడు. నేను దరఖాస్తు పెట్టుకుని, మొదట్లో గుమాస్తా చెప్పిన ఆ హాస్టల్‌కే మారిపోయాను.

అక్కడ ఎవరూ ఇంటిపేరు అడగలేదు. గోడ మీద అంబేద్కర్ పటం. రాత్రిళ్ళు చదువు, వాదన, పాట. మెస్సులో మనం తినేది మనం పేరు పెట్టి అడిగేవాళ్ళం. మా నాన్నకి ఉత్తరం రాయించాను, రమ్మని. రాలేదు. పనుందన్నాడు. ఎన్నిసార్లు రాసినా ఏదో ఒక పనుందన్నాడు.

ఇక్కడితో ఆపేస్తే ఇది అందంగా ఉంటుంది. పరాయివాళ్ళ ఇంట్లోంచి మన ఇంటికొచ్చాం, సుఖంగా ఉన్నాం అని. కానీ అబద్ధం మళ్ళీ చెప్పదలుచుకోలేదు.

ఆ గదిలో నాతోపాటు ఉన్నతను మాదిగ కుర్రాడు. నాకంటే ఏడాది చిన్న. గదిలో ఒక కూజా, రెండు గ్లాసులు. నా గ్లాసు నేను నీళ్ళు తాగి ట్రంకుపెట్టెలో పెట్టుకునేవాణ్ణి. శుభ్రం కోసమనే అనుకునేవాణ్ణి. ఒక నెల చూసి అతనన్నాడు. "అన్నా, మీ పేటలో పంపు దగ్గర మా పేటోళ్ళని బిందె పెట్టనిస్తారా?" నేను జవాబు చెప్పలేదు. మా ఊళ్ళో మాలపేటకి ఒక పంపు, మాదిగపేటకి ఒక పంపు. ఎండాకాలం వాళ్ళ పంపు ఎండిపోతే మా వాళ్ళు ముందు తాము పట్టుకున్నాకే పట్టుకోమనేవాళ్ళు. "మరి నీ గ్లాసు పెట్టెలో ఎందుకన్నా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, మా నాన్న నవ్వినట్టు. 1994లో దండోరా మొదలైనప్పుడు మా వాళ్ళు చాలామంది, ఇదెక్కణ్ణుంచి వచ్చిందని ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం లేదు. అది నా ట్రంకుపెట్టెలోంచి వచ్చింది.

*

తర్వాత చదువుకున్నప్పుడు తెలిసింది, ఈ గది ప్రశ్న నాకంటే ముందు అంబేద్కర్‌ని కూడా నిలదీసిందని.

ఆయన 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు. న్యూయార్క్‌లో దిగి మొదట హార్ట్‌లీ హాల్ అనే హాస్టల్లో ఉన్నాడు. అది కుదరక కాస్మోపాలిటన్ క్లబ్బుకి మారాడు. చివరికి లివింగ్‌స్టన్ హాల్లో నవల్ భథేనా అనే పార్సీ మిత్రుడితో కలిసి ఉన్నాడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. చూడండి, హాస్టల్ నచ్చకపోతే మారాడు. మనిషి నచ్చితే కలిసున్నాడు. కొత్త విద్యార్థి ఎవరైనా చేసేదే. ఆ మామూలుతనం ఆయనకి అమెరికాలో దొరికింది.

1917లో స్కాలర్‌షిప్ ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగానికి వచ్చాడు. ఊరంతటిలో గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో, సత్రం చూసేవాడి ఒప్పుదలతోనే, పార్సీ పేరు రాయించుకుని దిగాడు. కొద్దిరోజులకే కర్రలు పట్టుకుని పది పన్నెండుమంది పార్సీలు వచ్చిపడ్డారు. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఒక హిందూ మిత్రుణ్ణీ ఒక క్రైస్తవ మిత్రుణ్ణీ అడిగాడు. ఇద్దరూ తప్పుకున్నారు. రాత్రి బొంబాయి బండి దాకా ఊళ్ళో తోటలో కూర్చున్నాడు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఆయనే రాసుకున్నాడు. అది చదివినప్పుడు నా రెండెకరాల అబద్ధం గుర్తొచ్చింది. ఆయనా పేరు దాచాడు, నేనూ దాచాను. తేడా ఎక్కడుంది? ఆయన తల దాచుకోడానికి చోటు లేక దాచాడు. నాకు చోటుంది. పక్కవాడి మెప్పు కోసం దాచాను. ఆకలికి దొంగిలించినవాణ్ణీ గొప్పకి దొంగిలించినవాణ్ణీ ఒకే గాట కట్టకూడదు.

కొల్హాపూర్‌లో శాహూ మహారాజ్ అందరికీ కలిపి హాస్టల్ పెడితే అది బ్రాహ్మణ విద్యార్థులతోనే నిండిపోయింది. అందుకని 1901 నుంచి కులాల వారీగా హాస్టళ్ళు పెట్టించాడు. అంటరాని పిల్లలకి కూడా పెట్టించాడు. కులం పోవాలనుకున్న రాజు కులానికో హాస్టల్ కట్టడం వింతగానే కనిపిస్తుంది. కానీ తలుపు అందరికీ అని రాసున్నంత మాత్రాన అందరూ లోపలికి రాలేరని ఆయన చూశాడు. అంబేద్కర్ కూడా బహిష్కృత హితకారిణి సభ పెట్టాక మొదట చేసిన పనుల్లో ఒకటి 1925లో షోలాపూర్‌లో హాస్టల్ తెరవడం. నీళ్ళ కోసం మహాడ్ చెరువుకి నడిచింది 1927లో. అంటే చెరువు కంటే ముందు గది.

మనల్ని, "మీవాళ్ళంతా ఒక్క హాస్టల్లోనే ఎందుకు గుంపు కడతారు?" అని అడిగేవాళ్ళుంటారు. హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టల్ పెట్టారు. ఇలా కులాల పేర్లతో వసతిగృహాలు మన పట్టణాల్లో చాలా వచ్చాయి. ఎందరో పెద్దలు అక్కడ చదువుకున్నారని గర్వంగా చెప్పుకుంటారు. వాటిని ఎవరూ వెలివాడలనలేదు. గుంపు కట్టడం తప్పని చెప్పేది మనకొక్కళ్ళకే. కలిసుండే బాధ్యత కూడా మన నెత్తినే. కలవడానికి ఎప్పుడూ మనమే మన చోటు వదిలి, పేరు మింగి, తిండి దాచి, అవతలి గదికి వెళ్ళాలి. వాళ్ళలో ఒకడు తన ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని మన హాస్టల్‌కి మారిన సంగతి నేను చూడలేదు. ఒకవైపు నుంచే నడిచేదాన్ని కలయిక అనరు.

అలాగని మనం ఒకచోట ఉన్న ప్రతిసారీ అది మన ఇష్టమూ కాదు. ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ మీద సుఖదేవ్ థొరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో, దళిత, ఆదివాసీ విద్యార్థులు కొన్ని హాస్టళ్ళలోనే పోగుపడి ఉన్నారనీ, వేధింపులు భరించలేక గదులు మారాల్సి వచ్చిందనీ ఉంది. బయటినుంచి చూస్తే అదీ "మనోళ్ళెక్కువ" ఉన్న హాస్టలే. నేను మారిన హాస్టలూ అదే. కానీ ఒకటి తరిమితే చేరింది, ఇంకొకటి కోరి చేరింది. నాది రెండూ కలిసిందని ఒప్పుకుంటాను.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2015 డిసెంబరులో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్ని హాస్టళ్ళ నుంచి వెలేశారు. 2016 జనవరి మొదట్లో గదులు ఖాళీ చేయించారు. వాళ్ళు పరుపులూ పుస్తకాలూ పట్టుకొచ్చి బయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఐదుగురిలో రోహిత్ వేముల జనవరి 17న ఒక మిత్రుడి హాస్టల్ గదిలో ప్రాణం తీసుకున్నాడు. ఆ వార్త విన్న రాత్రి నేను నిద్రపోలేదు. గడియ బయట ఉన్నవాడు ఎప్పుడైనా వేసెయ్యగలడు. అది అన్నం పెట్టే హాస్టలైనా, పరిశోధన చేసే హాస్టలైనా.

*

ఇన్నేళ్ళ మీద నాకు అర్థమైంది ఇది. మనవాళ్ళ మధ్య ఉండాలా, అందరి మధ్యా ఉండాలా అన్న ప్రశ్న సగం ప్రశ్న. రెండు హాస్టళ్ళలోనూ ఉన్నాను. రెండు చోట్లా తప్పు చేశాను. చోటు మారితే మనిషి బాగుపడతాడనుకోడం చోటుకి మరీ ఎక్కువ గౌరవమివ్వడం.

అడగాల్సినవి రెండున్నాయి. మొదటిది మా నాన్న అడిగింది. గడియ ఏ పక్కనుంది? ఆ గదిలో నువ్వుండటం, మానటం నీ చేతిలో ఉందా, ఇంకొకడి చేతిలో ఉందా? వేరే ఉండటానికీ వెలిలో ఉండటానికీ తేడా ఇదే. నలుగురం కూడబలుక్కుని వేరే ఉంటే అది ఇల్లు. ఇంకొకడు చూపించిన చోట ఉంటే అది వెలి, దానికి పాలరాయి పరిచినా సరే.

రెండోది మా నాన్న అడగలేదు. అడిగే అవకాశం నేనివ్వలేదు. గడియ నీ చేతికొచ్చాక దాన్ని ఎవరి మీద వేస్తున్నావు? నీ కోసం ఎండుచేపలు పట్టుకుని వచ్చే మనిషికి ఆ తలుపు తియ్యగలవా? నీ కంటే కింద నిలబెట్టినవాడికి నీ కూజాలో గ్లాసు ముంచనివ్వగలవా? తియ్యలేకపోతే అది అగ్రహారంలో గదైనా ఒకటే, అంబేద్కర్ పటం ఉన్న గదైనా ఒకటే.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఇరవయ్యేళ్ళ పిల్లాడు మొదటిసారి ఊరొదిలి వెళ్ళినప్పుడు ధైర్యం కోసం మనవాళ్ళ పక్కన పక్కేసుకుంటే దాన్ని పిరికితనమని ఎవరూ అనకండి. రోజూ యుద్ధం చేసేవాడికి రాత్రి ఒక చోట కవచం తీసి పడుకోవాలి. అలాగే పంతం పట్టి అవతలి హాస్టల్‌కి వెళ్ళినవాణ్ణి కులద్రోహి అని కూడా అనకండి. అతను పేరు చెప్పుకుని ఉన్నాడా లేదా అన్నదొక్కటే చూడండి. చెప్పుకోలేని పరిస్థితి ఉంటే సిగ్గుపడాల్సింది అతను కాదు. చెప్పుకోగలిగీ దాచుకుంటే, నాలాగా, ఆ బాకీ ఎప్పటికో ఒకప్పటికి తీర్చాలి. నా బాకీ తీరలేదు. మా నాన్న 2003లో పోయాడు. నా గది చూడకుండానే పోయాడు.

*

ఇదంతా కాకపోయినా చాలావరకు పిల్లకి చెప్పాను. వింది. విని, "మావయ్యా, నువ్వూ తాతయ్యా మగోళ్ళు కాబట్టి లోపలి గడియ గురించి మాట్లాడుతున్నారు. ఆడపిల్లల హాస్టళ్ళకి గేటు తాళం ఎప్పుడూ బయటే. చీకటి పడితే మేం ఏ కులమైనా లోపలే" అంది.

ఈ మాట నాకు తట్టనే లేదు. 2015లో ఢిల్లీలో ఆడపిల్లలు పంజరాలు పగలగొట్టండని, పింజ్రా తోడ్ అని పేరు పెట్టుకుని హాస్టల్ తాళాల మీద రోడ్డెక్కినప్పుడు పేపర్లో చదివి పక్కన పెట్టాను. అది మన సంగతి కాదనుకున్నాను. మా వార్డెను వేసిన తాళమూ అదేనని అప్పుడు తెలీలేదు.

"మరి ఏది రాస్తావు?" అన్నాను.

"అది నేను చూసుకుంటాలే" అని ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళింది. ఏం రాసిందో నేను అడగలేదు. తర్వాత తెలిసినా ఇక్కడ రాయను. చదివేవాళ్ళు దాన్ని బట్టి ఇదే సరైనదనుకుంటారని.

ఆగస్టులో చేరింది. మా చెల్లెలూ బావా వెళ్ళి దింపి వచ్చారు. మా చెల్లెలు చేపలు వేయించి డబ్బాలో పెట్టి పట్టుకెళ్ళింది. గదిలో కూర్చుని నలుగురు పిల్లలతో కలిసి తిన్నామని చెప్పింది. ఆ నలుగురూ ఎవరని నేను అడగలేదు, అదీ చెప్పలేదు.

వారం తర్వాత పిల్ల ఫోన్ చేసింది. "మావయ్యా, గడియ లోపలే ఉంది. బయట గేటుకి ఇంకోటి ఉంది. దాని మీద మేం అమ్మాయిలమంతా ఒక కాయితం రాసి సంతకాలు పెడుతున్నాం."

"అందరూ పెడుతున్నారా?" అన్నాను.

"అందరూ ఎక్కడ పెడతారు మావయ్యా? గది గదికీ వెళ్ళి తలుపు కొడుతున్నాం. కొందరు తీస్తున్నారు" అంది.